వెనక కూర్చున్న తలకి విలువ లేదా?

మా ఎదురింటి వదినగారి వంటింట్లోంచి పోపు మాడిన వాసన వస్తే ఇప్పుడు ముందుగా పరిగెత్తేది నేనే. ఆవిడ పొయ్యి ముందే నిలబడి ఉంటుంది. ఆవాలు చిటపటలాడి, మిరపకాయలు నల్లటి బొగ్గులైపోయి, ఘాటు వీధిలోకి వచ్చేసినా ఆవిడకి తెలీదు. కళ్ళు మండితే అప్పుడు గిన్నెలోకి చూస్తుంది. “అయ్యో, మళ్ళీ మాడిందా వదినగారూ?” అని నవ్వుతుంది. ఆ నవ్వు చూడలేక కిటికీ తలుపులు తీసే వంకతో నేను అటు తిరిగిపోతాను.

మూడేళ్ళ కిందట ఇదే మనిషి వాళ్ళ అరుగు మీద కూర్చుని, మా ఇంట్లో ఏం కాగుతోందో చెప్పేసేది. “ఇవాళ చారులో ఇంగువ కాస్త ఎక్కువైనట్టుందే!” అనేది. నిజంగానే ఎక్కువై ఉండేది! ఆవకాయ జాడీ మూత తీసి, ఒక్కసారి వాసన చూసి ఆవపిండి పాళ్ళు చెప్పగల మనిషి. ఇప్పుడు మల్లెపూలైనా ఒకటే, మాడిన పాలైనా ఒకటే. తలకి గట్టి దెబ్బ తగిలినప్పుడు ముక్కులోంచి మెదడుకి వాసన మోసుకెళ్ళే సన్నటి నరాలు తెగిపోతాయట. కొందరికి కొన్నాళ్ళకి తిరిగొస్తుంది, కొందరికి రాదు అన్నారు డాక్టరుగారు. మూడేళ్ళయింది కాబట్టి, ఇక రాదనే అనుకుంటున్నాం. గ్యాసు లీకైతే ఎలాగో అని వాళ్ళబ్బాయి వంటింట్లో ఏదో అలారం పెట్టించాడు.

ఆ దెబ్బ తగిలింది పెద్ద ప్రమాదంలో కాదండీ. లారీ గుద్దలేదు, బస్సు మీదకి రాలేదు. ఏదో పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళి రాత్రి తొమ్మిదిన్నరకి భార్యాభర్తలిద్దరూ బండి మీద తిరిగొస్తున్నారు. మా వీధి మలుపుకి యాభై గజాల అవతల ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. రోడ్డు కొత్తగా వేసినప్పుడు దాన్నీ కొత్తగా వేశారు. నల్లటి రోడ్డు మీద నల్లటి గుట్ట. తెల్లచారలు లేవు, ముందు బోర్డు లేదు. పైన ఉన్న ఒక్క వీధిదీపం వెలగట్లేదు. ఆవిడ పట్టుచీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంది. ఒళ్ళో రిటర్న్ గిఫ్టు సంచి, ఒక చెయ్యి దాని మీద, రెండో చెయ్యి ఆయన భుజం మీద. బండి ఎగిరింది. అన్నయ్యగారు తడబడి, మళ్ళీ నిలదొక్కుకుని ఆపారు. వెనక్కి తిరిగి చూస్తే సీటు మీద ఆవిడ లేదు.

ఆయనకి మోచెయ్యి కూడా గీరుకోలేదు. పైగా ఆయన తలకి హెల్మెట్ ఉంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే హెల్మెట్.

ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన బంధువులందరూ ఒకే మాట అన్నారు, “తలరాత!” అని. తల మీద ఏముందో మాత్రం ఒక్కరూ అడగలేదు.

మనలో మాట

ఎదురింటివాళ్ళని అంటున్నాను గానీ, మనలో మాట, ఆ రాత్రి వరకూ మా ఇంట్లో ఉన్నదీ ఒకటే హెల్మెట్! అది మావారిది. గూట్లో దర్జాగా కూర్చునేది. నేను దాన్ని తుడిచి ఇచ్చేదాన్ని, ఆయన మర్చిపోతే గేటు దాకా పరిగెత్తుకెళ్ళి అందించేదాన్ని. ఆయన తల మీద నాకంత శ్రద్ధ. ఆ తర్వాత నేను ఉత్త తలతో, ఓ మూర మల్లెపూలు పెట్టుకుని, ఆయన వెనక ఎక్కి కూర్చునేదాన్ని.

నన్నెవరైనా అడిగితే నా దగ్గర సమాధానాలకేం కొదవ లేదు. జడ నలుగుతుంది. కొప్పుకి అడ్డం. పూలు నలిగిపోతాయి. చెమటకి జుట్టు రాలిపోతుంది. ఎంత, రైతుబజారు దాకానే కదా. ఆడవాళ్ళని పోలీసులు ఆపరు కదా. అన్నిటికన్నా పెద్ద సమాధానం, “బండి నడిపేది ఆయన కదండీ, నాకెందుకు?” డిగ్రీ చదివినదాన్నే, కథలు రాసుకునేదాన్నే! బండి మీంచి పడేటప్పుడు భూమి మనల్ని, ‘నువ్వు నడిపావా, వెనక కూర్చున్నావా’ అని అడిగి మరీ కొడుతుందా? నిజానికి నడిపేవాడి చేతుల్లో హ్యాండిల్ ఉంటుంది, ఎదర ఏమొస్తోందో కళ్ళకి కనిపిస్తుంది. వెనకున్న మనకి పట్టుకోవడానికీ సరిగ్గా ఉండదు, ముందేముందో కనిపించదు. ఆ లెక్కన హెల్మెట్ అవసరం మనకే ఓ పిసరు ఎక్కువ.

లెక్కలంటే నాకు మొదట్నించీ భయం. అయినా ఈ రెండు మూడు అంకెలు మాత్రం కళ్ళలో పడ్డాక మర్చిపోలేకపోయాను. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అంటే గంటకి పంతొమ్మిది మంది. మీరు పొద్దున్న కుక్కరు పెట్టి, కూర తరిగి, పిల్లల డబ్బాలు సర్దే లోపల పంతొమ్మిది ఇళ్ళలో పొయ్యి వెలగదన్నమాట. వీళ్ళలో హెల్మెట్ లేక పోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవాళ్ళు కాదు, వెనక కూర్చున్నవాళ్ళు. మన వీధుల్లో వెనక సీటు ఎక్కువగా ఎవరిదో నేను చెప్పక్కర్లేదు కదా! ఇంకో అంకె చూడండి. అదే ఏడాది సీటు బెల్టు పెట్టుకోక పోయినవాళ్ళు 16,715 మంది. నడిపినవాళ్ళూ, పక్కనా వెనకా కూర్చున్నవాళ్ళూ దాదాపు సగం సగం.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడు ఎనిమిది వేల పైన, తెలంగాణలో ఏడున్నర వేల పైన ప్రాణాలు పోయాయి. ఇంకా వాసన పోయినవాళ్ళూ, మాట తడబడేవాళ్ళూ, కాలు ఈడ్చేవాళ్ళూ ఈ చావుల లెక్కలోకి రారు. మా వదినగారు ఏ పట్టికలోనూ ‘పోయిన మనిషి’ కాదు.

తగ్గుతాయా అసలు?

వదినగారు ఐ.సి.యు.లో ఉన్నన్నాళ్ళూ మేము వంతులవారీగా బయట వరండాలో కూర్చునేవాళ్ళం. నిద్రపట్టని ఆ రాత్రుళ్ళలో ఈ రోడ్డు చావుల గురించి చదవడం మొదలుపెట్టాను. రాసిపెట్టి ఉన్నదే జరిగిందా, లేక ఎవరైనా ఆపగలిగిందేనా అన్నది తేల్చుకోవాలనిపించింది, అంతే. ఆ తర్వాత కూడా చదవడం మానలేదు. నన్ను ఆశ్చర్యపరిచిందేమిటంటే, ప్రపంచం మొత్తం మీద ఈ చావులు తగ్గుతున్నాయి! 2010లో పన్నెండున్నర లక్షలు ఉండేవి 2021కి పదకొండు లక్షల తొంభై వేలకి దిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదికలో చెప్పింది. బళ్ళూ పెరిగాయి, జనమూ పెరిగారు, అయినా చావులు తగ్గాయి. జపాన్, నార్వే, డెన్మార్క్‌లాంటి పది దేశాలైతే ఆ కాలంలోనే సగానికి సగం తగ్గించుకున్నాయి.

తలరాతే అయితే దేశానికో రకంగా ఎందుకుంటుంది చెప్పండి?

జపాన్‌లో 1970లో ఒక్క ఏడాదిలో 16,765 మంది రోడ్ల మీద పోయారు. వాళ్ళు దాన్ని ‘ట్రాఫిక్ యుద్ధం’ అనుకున్నారు. 2023లో ఆ దేశంలో పోయింది 2,678 మంది. ఇందులో నాకు నచ్చిన ముచ్చట ఒకటుంది. టోక్యోలో 1959లోనే బడిపిల్లల్ని రోడ్డు దాటించడానికి ఆడవాళ్ళని పెట్టారు. ఆకుపచ్చ దుస్తులు వేసుకునేవారు కాబట్టి జనం వాళ్ళని ముద్దుగా ‘పచ్చ అత్తయ్యలు’ అనేవారు. భర్తల్ని పోగొట్టుకుని పిల్లల్ని పెంచుకుంటున్న ఆడవాళ్ళకి ఓ ఉపాధి చూపించడం కూడా ఆ ఏర్పాటు వెనక ఉద్దేశమట. మన బళ్ళ ముందు సాయంత్రం నాలుగున్నరకి ఆటోలూ స్కూటర్లూ కారులూ చీమలపుట్టలా కమ్ముకునేటప్పుడు, ఆ పచ్చ అత్తయ్యలు నాకు గుర్తొస్తూనే ఉంటారు.

భోజనాల బల్లలు రోడ్డు మీదకి

అన్నిటికన్నా నన్ను పట్టి కుదిపింది మాత్రం నెదర్లాండ్స్ అమ్మల కథ.

ఆ దేశం అనగానే మనకి సైకిళ్ళూ, గాలిమరలూ, తులిప్ పూలతోటలూ గుర్తొస్తాయి. మొదట్నించీ వాళ్ళంత బుద్ధిమంతులేననుకుంటాం. కాదండీ! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలో డబ్బాడి, అందరూ కారులు కొనుక్కున్నారు. కారులు పట్టేందుకు వీధులు వెడల్పు చేశారు, సైకిళ్ళని పక్కకి నెట్టేశారు. 1971 నాటికి కోటీ ముప్ఫై లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశంలో ఏడాదికి మూడు వేల పైచిలుకు మంది పోతున్నారు. వాళ్ళలో నాలుగొందల మందికి పైగా పసిపిల్లలు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడి కూతురు. ఆ తండ్రి 1972లో తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరుకి అర్థం ‘పిల్లల హత్య ఆపండి’ అని. గమనించారా, ‘ప్రమాదం’ అనలేదు, ‘హత్య’ అన్నాడు. ప్రమాదం అంటే ఎవరూ బాధ్యులు కారు. హత్య అంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ పేరుతోనే ఓ ఉద్యమం పుట్టింది. దానికి మొదటి అధ్యక్షురాలు మార్చె వాన్ పుట్టెన్ అనే చిన్నవయసు తల్లి. తర్వాతి రోజుల్లో ఆవిడ ఐరోపా పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. అప్పటికి మాత్రం మనలాగే ఓ మామూలు అమ్మ.

వాళ్ళేం చేశారో తెలుసా? రాళ్ళేం విసరలేదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే వీధులకి అడ్డంగా నిలబడి కారుల్ని ఆపేశారు. ఇళ్ళలోంచి బల్లలు తెచ్చి నడిరోడ్డు మీద వేసి, అందరూ కలిసి భోజనాలు చేశారు! పిల్లలు హాయిగా ఆడుకున్నారు. పోలీసులు కోప్పడకపోగా సాయం కూడా చేశారట. ఒకరోజు గుంపుగా సైకిళ్ళ మీద ప్రధానమంత్రి ఇంటికి వెళ్ళి వాకిట్లో పాటలు పాడితే, ఆయన బయటికొచ్చి విన్నారు. ఇంతలో 1973లో పెట్రోలు సంక్షోభం వచ్చింది. అక్కడి ప్రభుత్వం కొన్ని ఆదివారాలు కారులు తియ్యొద్దంది. ఆ ఆదివారాల్లో వీధులెంత ప్రశాంతంగా ఉంటాయో జనం కళ్ళారా చూశారు.

ఆ తర్వాత పనులు ఒకదాని వెనక ఒకటి జరిగాయి. 1975లో మోపెడ్ల మీద హెల్మెట్, కారు ముందు సీట్లలో బెల్టు తప్పనిసరి చేశారు. డెల్ఫ్ట్ అనే ఊళ్ళో మొదలైన ఓ పద్ధతిని 1976లో చట్టంలో పెట్టారు. ఇళ్ళ మధ్య వీధుల్లో కారు మనిషి నడక వేగాన్ని మించి వెళ్ళకూడదు, ఆ వీధి ముందు పిల్లలదీ నడిచేవాళ్ళదీ, తర్వాతే కారుది. దానికోసం బోర్డు పెట్టి ఊరుకోలేదు. వీధినే వంకర్లు తిప్పారు, మధ్యలో చెట్లూ బెంచీలూ పెట్టారు. గబగబా పోదామన్నా పోలేని విధంగా కట్టేశారన్నమాట. సైకిళ్ళకి వేరే దారులొచ్చాయి. మూడు వేల పైనున్న చావులు 2013కి 570కి దిగిపోయాయి.

నాకు ఈ కథలో ముఖ్యంగా కనిపించింది ఇదీ. జనం ఒక్కసారిగా మంచివాళ్ళైపోయి తగ్గలేదు. మనిషన్నాక పరధ్యానం ఉంటుంది, తొందర ఉంటుంది, చీకట్లో కళ్ళు కనబడకపోవడం ఉంటుంది. అలాంటి మామూలు పొరపాటుకి ప్రాణం ఖరీదు కట్టనక్కర్లేని విధంగా రోడ్డుని మార్చారు కాబట్టి తగ్గాయి. మా వీధి మలుపులో అన్నయ్యగారు చేసిన పొరపాటేమిటి? చీకట్లో నల్లటి గుట్టని చూడకపోవడం. మీరైనా నేనైనా చూసేవాళ్ళమా?

అయితే ఆ దేశంలో కథ అక్కడితో సుఖాంతమేం కాలేదు. 2022లో చావులు మళ్ళీ ఏడొందలు దాటాయి. వాళ్ళలో చాలామంది సైకిళ్ళ మీద వెళ్ళే పెద్దవయసువాళ్ళు. కరెంటు సైకిళ్ళొచ్చి వేగం పెరిగింది, ఒళ్ళు మాత్రం ఎనభై ఏళ్ళదే కదా. తగ్గిందని ఒక పూట కన్నుమూస్తే మళ్ళీ పైకొస్తుంది.

ఇక్కడా తగ్గిన చోట్లున్నాయి

మన దగ్గర కూడా ఒక ఏడాది బాగా తగ్గాయి. 2019లో 1,51,113 ఉన్న చావులు 2020లో 1,31,714కి పడిపోయాయి. సంతోషించాలా? అది కరోనా ఏడాది. అందరం ఇళ్ళలో తలుపులేసుకుని కూర్చున్నాం కాబట్టి తగ్గాయి. తలుపులు తీయగానే 2021లో 1,53,972 అయ్యాయి. 2023కి లక్షా డెబ్భై రెండు వేలు దాటేశాయి. రోడ్డు మాత్రం అదే రోడ్డు, మన అలవాట్లు అవే అలవాట్లు.

కానీ రోడ్డుని పట్టించుకున్న చోట మన దేశంలోనూ ఫలితం కనిపించింది. ముంబయి, పుణె మధ్య ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద 2016లో 151 మంది పోయారు. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థా, ప్రభుత్వమూ కలిసి ఒక్కొక్క ప్రమాదం ఎందుకు జరిగిందో విడివిడిగా ఆరా తీశారు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీలు, మొనదేలి ఉన్న ఇనప కంచెలు, మలుపులో కాంక్రీటు దిమ్మెలు, ఆలస్యంగా వచ్చే అంబులెన్సులు, ఇలా ఒక్కోదాన్నీ సరిచేసుకుంటూ వచ్చారు. 2020 నాటికి అక్కడ చావులు సగానికన్నా కిందకి దిగాయి. ఆ సంస్థని స్థాపించిన పీయూష్ తివారీ కూడా ఇంట్లో పిల్లవాణ్ణి రోడ్డు మీద పోగొట్టుకున్నవాడే. దెబ్బలు తగిలి రోడ్డు మీద పడి ఉన్న ఆ కుర్రాడికి ఎవరూ సాయం పట్టలేదు.

సాయం పట్టకపోవడం అంటే మా వదినగారి రాత్రి గుర్తొస్తుంది. చుట్టూ మూగినవాళ్ళు పదిహేనుమంది ఉంటారు. “ముట్టుకోకండి, పోలీసు కేసవుతుంది” అన్నవాళ్ళే ఎక్కువ. ఆఖరికి బొప్పాయి పళ్ళ బండి అబ్బాయి ఫోను చేశాడు 108కి. అన్నట్టు, ఈ 108 పుట్టింది మన దగ్గరే. 2005లో ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, తర్వాత ఎన్నో రాష్ట్రాలకి పాకింది. ఇక ఆ కేసు భయం సంగతి. సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ చేర్చారు. గాయపడినవాళ్ళని ఆసుపత్రికి చేర్చినవాళ్ళ మీద కేసు పెట్టకూడదు, పేరూ చిరునామా ఇవ్వమని బలవంతం చెయ్యకూడదు. ఈ ముక్క మీ ఇంట్లో కాలేజీ పిల్లలకి తప్పకుండా చెప్పండి. ఆ పళ్ళబ్బాయికి ఈ చట్టం తెలియదు, అయినా చేశాడు. తెలిసిన మనం చెయ్యకపోతే ఎలా?

కొనేటప్పుడు, పెట్టుకునేటప్పుడు

వదినగారు ఇంటికొచ్చిన వారానికి మావారితో షాపుకెళ్ళి నాకో హెల్మెట్ కొనుక్కున్నాను. నాలుగొందలకి ఒకటి చూపించాడు, ముదురు గులాబీరంగు, మీద పువ్వుల బొమ్మ! ఎత్తి చూస్తే పెరుగు డబ్బా కన్నా తేలిక. ఐ.ఎస్.ఐ. ముద్ర లేదు. 2021 జూన్ నుంచీ ఆ ముద్ర లేని హెల్మెట్ తయారుచెయ్యడమూ అమ్మడమూ నేరమే అయినా, రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్ముతూనే ఉన్నారు. పైనున్న పెంకు కాదు ముఖ్యం. లోపల దట్టంగా ఉండే థర్మోకోల్‌లాంటి పొర తాను నలిగి దెబ్బని మింగేస్తుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ని, పైకి బాగానే ఉందని మళ్ళీ వాడకూడదు. తల మీద పెట్టుకుని అటూ ఇటూ ఊపితే కదలకూడదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది మనకన్నా ముందే ఎగిరిపోయి రోడ్డవతల పడుతుంది. ఎన్నో దేశాల పరిశోధనల్ని కలిపి చూసినవాళ్ళు తేల్చిందేమిటంటే, హెల్మెట్ తలకి దెబ్బ తగిలే ముప్పుని 69 శాతం, ప్రాణం పోయే ముప్పుని 42 శాతం తగ్గిస్తుందట.

జడ సంగతి అంటారా? మెడకి దిగువ నుంచి వదులుగా అల్లుకుంటే ఏ ఇబ్బందీ లేదు. కొప్పు దిగి ఇంటికెళ్ళాక చుట్టుకోవచ్చు. పూలు చిన్న డబ్బాలో పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, పెళ్ళిపందిరి దగ్గర పెట్టుకుంటున్నాను. మొదట్లో నన్ను చూసి మా వీధిలో “ఏమిటీ, వ్యోమగామిలా తయారయ్యావు!” అని నవ్వారు. నవ్వనీండి. ఢిల్లీలో చాలా ఏళ్ళపాటు ఆడవాళ్ళకి హెల్మెట్ ఐచ్ఛికం అన్నారు. 2014లో గానీ తప్పనిసరి చెయ్యలేదు. ఆడవాళ్ళకి మినహాయింపు అంటే మనకేదో గౌరవం ఇచ్చినట్టు అనుకుంటాం. ఆ గౌరవం మనకొద్దండీ బాబూ!

చీర కట్టుకుని కూర్చునేవాళ్ళు ఇంకోటి చూసుకోండి. వెనక చక్రాన్ని కప్పే చీర గార్డు ఉందా? బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పి ఉండాలనీ, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఆనిక ఉండాలనీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. కుర్రాళ్ళు బండి అందం చెడిందని గార్డు ఊడపీకేసి అటక మీద పడేస్తారు. ఆ అటక దులిపేది మనమే కదా, తీసి మళ్ళీ బిగించమనండి. చున్నీని, కొంగుని ఒళ్ళోకి తీసుకుని దోపుకోవడం ఎలాగూ మన చేతిలోని పనే. ఒళ్ళో సంచి పెట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదు. దాన్ని బండికి తగిలించడానికి ఒక కొక్కెం పెట్టించుకోండి.

పిల్లల విషయంలో మాత్రం మన ముద్దే వాళ్ళకి చేటు. ముందు నిలబెట్టి, నిద్రతో తూగుతున్న పసివాణ్ణి హ్యాండిల్‌కి ఆనించి తీసుకెళ్తాం. నాలుగేళ్ళు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్ ఉండాలని చట్టం. నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టుకునే పట్టీ ఉండాలనీ, బండి నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి అమలైన నిబంధన. ఇక ఇంటర్మీడియట్ పిల్లాడికి స్కూటీ తాళాలిచ్చి “జాగ్రత్త నాన్నా” అనే తల్లుల్లో నేనూ ఉండబోయాను, ఈ చట్టం చదవకపోతే! ఇప్పుడొచ్చే స్కూటర్లకి పద్దెనిమిదేళ్ళు నిండాలి. పదహారేళ్ళకి నడపగలిగింది యాభై సి.సి. లోపు గేర్లు లేని బండి మాత్రమే. మైనరు పిల్లవాడు నడిపి ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకి పాతికవేలు జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. మా వాడు రెండ్రోజులు అన్నం మానేశాడు. మూడో రోజు తిన్నాడు.

ఆ స్పీడ్ బ్రేకర్

వదినగారు ఇంటికొచ్చాక మా వీధి ఆడవాళ్ళం ఏడుగురం కాగితం రాసుకుని ఒక ఆఫీసుకెళ్ళాం. ఆ రోడ్డు మాది కాదు, ఫలానా ఆఫీసుది అన్నారు. ఆ ఆఫీసుకెళ్తే, వేసింది మేమే గానీ రంగు వెయ్యాల్సింది వాళ్ళే అన్నారు. స్పీడ్ బ్రేకర్ మీద తెల్లచారలూ, ముందు హెచ్చరిక బోర్డూ ఉండాలని వాళ్ళ ప్రమాణాల్లోనే ఉందని చెబితే, “మీకివన్నీ ఎవరు చెప్పారమ్మా?” అని అడిగాడు గుమాస్తా. చదువుకున్నాం నాయనా అన్నాను.

నెల గడిచింది. ఆ మధ్యలో ఇంకో ఇద్దరు అక్కడే పడ్డారు. దేవుడి దయవల్ల మోకాళ్ళతో పోయింది. అప్పుడు నాకు ఆ నెదర్లాండ్స్ బల్లలు గుర్తొచ్చాయి. మనకి బల్లలెక్కడివి? ముగ్గుంది కదా! సంక్రాంతికి వీధి వీధంతా రథం ముగ్గులు లాగేవాళ్ళం, స్పీడ్ బ్రేకర్ మీద ఆరు గీతలొక లెక్కా? ఒకరు టార్చిలైటు పట్టుకుని ఇటు, ఒకరు అటు నిలబడితే, మేము నలుగురం తడి సున్నంతో అడ్డంగా చారలు గీశాం. రెండు చివర్లా పద్మాలు కూడా వేసింది మా పక్కింటి పిల్ల, ఆగమన్నా ఆగకుండా. తమాషా ఏమిటంటే, ముగ్గు తొక్కకూడదన్నట్టు బళ్ళు అక్కడికొచ్చేసరికి మెల్లగా అయిపోయేవి! రెండ్రోజులకోసారి చెరిగిపోయేది, మళ్ళీ వేసేవాళ్ళం. వదినగారు కూడా కర్ర ఊతంతో వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని గీతలు వంకరపోతే చెప్పేది.

పంతొమ్మిదో రోజున రంగు డబ్బాతో మనుషులొచ్చారు. చారలు పడ్డాయి. బోర్డు ఇంకో రెండు నెలలకి వచ్చింది. దీపం ఆ తర్వాత ఎప్పటికో వెలిగింది. ఆ గుట్ట మీద ఆ తర్వాత ఎవరూ పడలేదు.

మొన్న వదినగారు అన్నయ్యగారితో డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ, తన హెల్మెట్ పట్టీ బిగించమని నన్ను పిలిచింది. వేళ్ళకి ఇంకా పట్టు సరిగ్గా రాలేదు. బిగిస్తూ, “కొత్తగా కొన్నారా? లోపల రెక్సిన్ వాసన వస్తోంది” అని నోరు జారాను. “అవునా? ఎలా ఉంటుందో మర్చిపోయాను” అంది.

ఈ ఏటి వానలకి ఆ చారలు మళ్ళీ సగం చెరిగిపోయాయి. పోయిన సోమవారం ఆఫీసులో కాగితం ఇచ్చి వచ్చాం. సున్నం కూడా నానబెట్టి ఉంచాను.